రాహువు దిగేదాకా కలం ముట్టని దులాజ్

దులాజ్ విక్రమారచ్చికి ముహూర్తం కుదరనిదే తుమ్ము కూడా రాదు. పొరపాటున వచ్చినా ముక్కు గట్టిగా పట్టుకుని, "ఆగాగు, ఇంకా రాహువు దిగలేదు" అంటాడు.

మాతర పట్టణంలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. ఒకసారి బస్టాండులో బస్సు కదులుతోంది. దులాజ్ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద పెట్టి విగ్రహంలా నిలబడిపోయాడు.

"ఎక్కుతావా దిగుతావా పుతా?" అన్నాడు కండక్టరు.

"ఒక్క నిమిషం మామా. శుక్రుడు దారిలో ఉన్నాడు."

"అయితే ఆయనకీ ఒక టికెట్టు తీసుకో!"

బస్సంతా నవ్వింది. బస్సు వెళ్ళిపోయింది. దులాజ్ నిలబడే ఉన్నాడు. తర్వాతి బస్సూ వెళ్ళిపోయింది. ఆ తర్వాతి బస్సుకు శుక్రుడు వచ్చాడు కాబోలు, ఎక్కి కూర్చున్నాడు.

ఇంకోసారి కొబ్బరితోటలో కుక్క తరిమింది. ఏ మనిషైనా కుక్క లేని వైపుకు పరుగెత్తుతాడు. దులాజ్ శుభదిక్కు వైపు పరుగెత్తాడు. శుభదిక్కున కుక్కే ఉంది. ఎదురొచ్చి పరుగెత్తే మనిషిని ఆ కుక్క తన జన్మలో చూడలేదు. అది అటునుంచి అటే హక్‌మన దాకా పారిపోయిందనీ, ఇప్పటికీ మనుషుల్ని చూస్తే దారి ఇస్తుందనీ చెప్పుకుంటారు. బావి దగ్గర ఒళ్ళంతా సబ్బు రుద్దుకుని, నీళ్ళు పోసుకునే వేళ కాలేదని ఎండలో నిలబడితే, నురుగు ఎండి పెచ్చులు కట్టి, కాకి ఒకటి సున్నం వేసిన స్తంభమనుకుని నెత్తిన వాలింది. నమ్మనివాళ్ళు కాకిని అడగవచ్చు.

ఇవన్నీ చూసి ఊరు ఊరంతా నవ్వేది. నవ్వనివాడు ఒక్కడే. వాడి పేరు బినుర.

బినుర నవ్వకపోవడానికి కారణం లేకపోలేదు. ఈ ముహూర్తాల పిచ్చివాడికి కంబైన్డ్ మాథ్స్‌లో క్లాసుకంతటికీ మొదటి మార్కు వచ్చేది.

కంబైన్డ్ మాథ్స్ అంటే ఏమిటో రాసినవాడికే తెలుసు. ఇంజినీరింగు సీటు తేల్చే ఎ-లెవెల్ పరీక్షలో శుద్ధ గణితం ఒక రోజు మూడు గంటలు, అనువర్తిత గణితం ఇంకో రోజు మూడు గంటలు. హాల్లోకి మనుషుల్లా వెళ్ళిన పిల్లలు బయటికి వడియాల్లా వచ్చేవారు. పేపర్లో మొదటి పది చిన్న లెక్కలు, అన్నీ చేయాలి. పదకొండు నుంచి ఏడు పెద్ద లెక్కలు, వాటిలో ఐదు ఏరుకోవాలి. కిటుకంతా ఆ ఏరుకోవడంలోనే ఉంది. ప్రశ్నపత్రం చదువుకోవడానికంటూ వేరే సమయం ఇచ్చే రోజులు కావవి. గంట కొట్టగానే యుద్ధమే.

బినురకు లెక్కలు రాక కాదు. ఏరుకోవడం రాదు. పదకొండో లెక్క కంటబడగానే వాడికి పౌరుషం పుట్టుకొస్తుంది. మొసలి పట్టు పడతాడు. లెక్కను వదిలి పక్కదానికి పోవడమంటే వాడి దృష్టిలో యుద్ధంలో వెన్నుచూపడం. పోయిన ఏడు ఆగస్టు పరీక్షలో ఆ పదకొండో లెక్కతో గంటకు పైగా కుస్తీ పట్టి, దాన్ని చంపి, దానితోపాటు తానూ చచ్చాడు. మిగతా పెద్ద లెక్కల్లో రెండింటిని మాత్రం ముట్టుకున్నాడు. సీటు పోయింది. ఇప్పుడు రెండోసారి రాస్తున్నాడు. రూలు ప్రకారం మూడోసారి కూడా రాయవచ్చు. కానీ వాళ్ళ నాన్న రూలు వేరు.

"ఈసారి కూడా రాకపోతే కంబురుపిటియలో మామయ్య కొట్లో కూర్చుని పైపులు అమ్ముకో. ఆయన కుర్చీ తుడిచి పెట్టుకున్నాడు" అని తేల్చేశాడు ఆయన.

పైగా ఇంజినీరింగు సీట్లు జిల్లాకు ఇన్ని అని పంచుతారు. కొలంబోలో ఎంత పెద్ద మేధావి ఉన్నా బినురకు పేచీ లేదు. పేచీ అంతా పక్క బెంచీ వాడితోనే. పక్క బెంచీలో దులాజ్ ఉన్నాడు. వయసులో ఏడాది చిన్న, మొదటిసారి రాస్తున్నాడు. నోరు తెరిస్తే "అన్నా, అన్నా" అంటాడు. ఆ పిలుపు వింటే బినురకు పుండు మీద లూనుమిరిస్ కారం పూసినట్టుండేది.

శనివారం శనివారం ట్యూషన్ మాస్టారు లియనగే సర్ రేకుల షెడ్డులో పరీక్ష పెట్టేవాడు. ప్రశ్నపత్రం అందగానే మూడు వందల కలాలు ఒకేసారి వాన పడ్డట్టు కదిలేవి. దులాజ్ ఒక్కడే కలానికి మూత కూడా తీయకుండా, చేతులు కట్టుకుని, కాగితం వైపు చూస్తూ కూర్చునేవాడు.

"ఏమయ్యా, మన రాశిలో ఏమైంది ఈవేళ?" అని అడిగేవాడు సర్.

"రాహువు ఇంకా దిగలేదు సర్. పది నిమిషాలు ఆలస్యం."

"బస్సు దొరకలేదేమో పాపం!"

"మనిషి కాదు కద సర్, గ్రహం. దాని వేళకే అది వస్తుంది."

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వులు. పది నిమిషాలయ్యాక దులాజ్ మూత తీసి, కళ్ళు మూసుకుని, ఉత్తరానికి ఒక దండం పెట్టి, లెక్కల మీదికి వెళ్ళేవాడు. మిగతావాళ్ళు పదకొండో లెక్క దగ్గర గింజుకుంటుంటే వాడు ఎక్కడో పదిహేనోదానిలో తీరిగ్గా తిరుగుతుండేవాడు. వారం తిరిగి మార్కులు వస్తే మొదటి పేరు వాడిదే.

బినుర కడుపులో కుంపటి రాజుకునేది. మొదట్లో ఆ కుంపటి మార్కుల కోసమే. పోనుపోను దానికి ఆకలి పెరిగింది. దులాజ్ చేతిరాత మీద ఈర్ష్య. వాడి క్రాపు మీద ఈర్ష్య. క్యాంటీన్‌లో ఇద్దరూ చేప బన్ను కొంటే, వాడి బన్నులో చేప ముక్క పెద్దదిగా ఉందని ఈర్ష్య. చివరికి వాడికి జలుబు చేస్తే, "జలుబు కూడా ఎంత హాయిగా చేసిందో వెధవకి" అని ఈర్ష్య.

ఒకరోజు దులాజ్ తానే దగ్గరికొచ్చాడు.

"అన్నా, నీదీ నాదీ ఒకటే నక్షత్రం. మా సీయా నాకు పెట్టిన ముహూర్తాలు నీక్కూడా పనికొస్తాయి. చెప్పమంటావా?"

దులాజ్ తాత సరనేరిస్ ఆ చుట్టుపక్కల పేరున్న జ్యోతిష్కుడు. గృహప్రవేశానికైనా, గేదెను కొనడానికైనా జనం ఆయన అరుగు ముందు బారులు తీరతారు.

"నీ ముహూర్తాలు నీ జేబులోనే పెట్టుకో. నాకు బుర్రుంది" అన్నాడు బినుర.

అన్నాడే గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే, వాడికి మార్కులు తెలివి వల్ల వస్తున్నాయనుకోవడం కంటే తాత వల్ల వస్తున్నాయనుకోవడం ఎంతో హాయిగా ఉంది. మనకు పంచాంగం తిరగేసే తాత లేడు, అందుకని మార్కుల్లేవు. ఇందులో మన తప్పేముంది? తాతను దొంగిలించలేం గాని, ముహూర్తాన్ని దొంగిలించవచ్చు కదా!

ఆ అవకాశమూ సులువుగానే దొరికింది. ప్రతి శుక్రవారం సాయంత్రం దులాజ్ క్యాంటీన్‌కు వచ్చి, బెల్లం ముక్క కొరుక్కుంటూ టీ తాగుతూ, క్యాంటీన్ నడిపే సోమాక్కకు మర్నాటి ముహూర్తాలన్నీ మైకు మింగినవాడిలా వినిపించేవాడు.

"రేపు పొద్దున ఆరింటికి ఉత్తరముఖంగా కూర్చుని కొబ్బరిపాల అన్నం, అదే కిరిబత్, తినాలక్కా. ఖాళీ కడుపుతో పరీక్షకు పోతే కేతువు కడుపులో దూరతాడు."

"నాకెందుకు తమ్ముడూ ఇదంతా? నేనేమైనా పరీక్ష రాస్తున్నానా?"

"వినక్కా, పుణ్యం వస్తుంది. ఈ రాత్రి పది దాటకముందే తల దక్షిణానికి పెట్టి పడుకోవాలి. పేపరు చేతికొచ్చాక పది నిమిషాలు కలం ముట్టకూడదు, కళ్ళతోనే అన్ని ప్రశ్నలూ తాకాలి. ఇంకోటి. ఒకే లెక్క మీద ఇరవై నిమిషాలు దాటితే శని వచ్చి దానిమీద కూర్చుంటాడు. శని కూర్చున్న లెక్క ఈ జన్మకు తేలదు. లేచి వేరేదానికి పోవాలి. తిరిగి వచ్చేసరికి ఆయనకే విసుగు పుట్టి వెళ్ళిపోయుంటాడు."

"మీ శనికి కూడా వేరే పని లేదు" అని సోమాక్క బన్నులు సర్దుకునేది.

స్తంభం వెనక బినుర అన్నీ అరచేతిలో రాసుకునేవాడు. ఇంటికెళ్ళి, ఏళ్ళ తరబడి ఖాళీ కడుపుతో పరీక్షకు పోయేవాడు కాస్తా, "అమ్మా, రేపు కిరిబత్ వండు" అన్నాడు. వాళ్ళమ్మ కొడుక్కి జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

శనివారం కాగితం ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం ప్రాణాంతకంగా ఉండేది. పక్కన దులాజ్ కూడా అలాగే కూర్చున్నాడా లేదా అని ఓరకంట చూసుకునేవాడు. వాడు ముట్టకపోతే తానూ ముట్టేవాడు కాదు. పదకొండో లెక్క పిలుస్తుంటే, "శని, శని" అని గొణుక్కుంటూ పన్నెండుకు దూకేవాడు. నెల తిరిగేసరికి నలభై దాటని మార్కులు అరవై ముట్టాయి.

సంతోషించాడా? లేదు. మరింత ఉడికిపోయాడు. ఉత్త అరచేతి రాతకే అరవై వచ్చాయంటే, గ్రహాలను ఇంట్లో కోళ్ళలా పెంచుకునేవాడికి ఎన్ని రావాలి!

ఏప్రిల్‌లో కొత్త ఏడు వచ్చింది. పాత ఏడు పోయి కొత్తది అడుగుపెట్టేలోపు వచ్చే నొనగతే వేళలో దేశం మొత్తం చేతులు కట్టుకుంటుంది. పొయ్యి వెలగదు, పని జరగదు, పుస్తకం తెరిస్తే చదువు వెనక్కి నడుస్తుంది. పెద్దలు గుడికి పోతారు. బినుర కూడా తెల్ల చొక్కా వేసుకుని గుడికే బయల్దేరాడు. కానీ ఈర్ష్య ఉన్నవాడి కాళ్ళు మెదడు మాట వింటాయా? అవి తిన్నగా దులాజ్ ఇంటి పెరట్లోకి నడిచాయి. ఇంత పెద్ద ముహూర్తానికి ఆ ముహూర్తాల రాయుడు ఏ దిక్కుకు తిరిగి కూర్చున్నాడో చూడాలి, దాన్నీ కొట్టేయాలి!

పనస చెట్టు చాటు నుంచి కిటికీలోకి తొంగి చూశాడు. చూసి, కొమ్మ పట్టుకోకపోతే పడిపోయేవాడే.

దులాజ్ ఎడమచేత్తో నూనె కారే కవుం అరిసె తింటున్నాడు. కుడిచేత్తో లెక్కలు చేస్తున్నాడు. నొనగతేలో! దక్షిణ ముఖంగా! పైగా ఈల వేస్తున్నాడు!

"దొంగ వెధవా!" అన్నాడు బినుర లోలోపల. ఇన్నాళ్ళూ వీడు విన్నవాళ్ళ చేత కలాలు కింద పెట్టించి, కాలం వృథా చేయించి, తాను ముందుకు పోతున్నాడన్నమాట!

"ఎవరది? దొంగవా, గ్రహానివా?" అని వెనకనుంచి ఒక చేతికర్ర భుజమ్మీద పడింది. గుడి నుంచి తిరిగొచ్చిన సరనేరిస్ తాత. తెల్లటి లుంగీ, ముడి వేసిన జుట్టు.

బినుర ఆయన్ని పెరటి చివరికి లాక్కెళ్ళి ఒక్క ఊపున ఫిర్యాదు చేశాడు. "సీయా, మీ మనవడు మోసగాడు! మీ ముహూర్తాలని ఊరంతా చెప్పి, తను మాత్రం నొనగతేలో లెక్కలు చేస్తున్నాడు!"

ముసలాయన కోప్పడలేదు. తమలపాకు నములుతూ, "నీ పేరేంటి పుతా?" అని అడిగాడు.

"బినుర."

"ఓహో! మొసలివి నువ్వేనా?" అని నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "కూర్చో, కూర్చో. ఆ వెధవకు నా శాస్త్రం మీద నమ్మకమా? తాను ఏ నక్షత్రంలో పుట్టాడో కూడా తెలియదు వాడికి. పోయిన ఏడాది దాకా నా అరుగెక్కే జనాన్ని చూసి నవ్వేవాడు. పోయిన ఏడు మీ ఫలితాలు వచ్చిన రోజు మాత్రం నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. 'సీయా, మా క్లాసులో ఒక అన్న ఉన్నాడు. లెక్క పడితే వదలడు, మొసలి. తిండి తినడు, పడుకోడు. వదిలెయ్యమని చెబితే కొట్టేలా చూస్తాడు. ఏం చెయ్యాలి?' అన్నాడు. సలహా చెబితే ఎవడూ వినడురా, గ్రహం చెబితే వింటాడు అన్నాను. అంతే, నా పంచాంగం అరువు తీసుకున్నాడు."

"మరి... బస్టాండులో? బావి దగ్గర?"

"నువ్వు ఆ బస్సులో ఉన్నావు కదూ? బావికి బిందె పట్టుకుని వచ్చావు కదూ? నీ ముందొకలా నీ వెనకొకలా ఉంటే నువ్వు నమ్ముతావా? కుక్క దగ్గర మాత్రం వాడే భయంతో తప్పు దారిలో పరుగెత్తాడు. తర్వాత శుభదిక్కని సర్దుకున్నాడు."

బినుర ఇంకా పట్టు వదల్లేదు. "కానీ పరీక్షలో పది నిమిషాలు వాడూ రాయడు కదా సీయా. నిజంగానే కూర్చుంటాడు" అన్నాడు.

"కూర్చోకపోతే నువ్వు కూర్చుంటావా? ఓరకంట చూస్తుంటావట కదా. ఆ పది నిమిషాలూ వాడి సొంత ఖర్చు."

"సీటు విషయంలో మేమిద్దరం పోటీ. ఒకటే జిల్లా! నాకెందుకు చేస్తాడు?"

"కుళ్ళు" అన్నాడు ముసలాయన ఉమ్మేసి. "నీ మీద వాడికి ఎంత కుళ్ళో తెలుసా? నువ్వెప్పుడో బోర్డు మీద రెండు పడవల వేగాల లెక్క చేశావట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. 'అంత అందంగా చేసేవాడు పైపులు అమ్ముకుంటే, నేనిక ఎవరిని చూసి ఏడవాలి సీయా?' అన్నాడు. నీకు చెప్పానని వాడితో అనకు. పాపం, కష్టపడి ఆడుతున్నాడు నాటకం."

బినుర అనలేదు. ఇంటికి నడుస్తూ కుంపటిని వెతుక్కున్నాడు. అది ఆరలేదు, గది మారింది అంతే. ఇన్నాళ్ళూ మార్కుల్లోనే వీడు తనను ఓడించాడనుకున్నాడు. మంచితనంలో కూడా మొదటి మార్కు వీడిదేనా?

ఆగస్టు వచ్చింది. పరీక్ష రోజు పొద్దున బినుర అమ్మానాన్నల చేతుల్లో తమలపాకుల కట్ట పెట్టి, వంగి కాళ్ళకు మొక్కి, పరీక్షా కేంద్రం గేటు దగ్గరికి వచ్చాడు. అప్పటికే దులాజ్ అక్కడ నిలబడి, చెట్టుకో కాకికో చెబుతున్నట్టు గట్టిగా అంటున్నాడు: "ఈవేళ కూడా పది నిమిషాలు ఆగాల్సిందే. రాహువు బాగా బరువుగా ఉన్నాడు."

బినుర వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"దులాజ్, దారిలో మీ సీయా కనబడ్డారు. నీకో మాట చెప్పమన్నారు. ఆ పది నిమిషాల నియమం నాకేనట. నీకు మాత్రం ఈవేళ మొదటి నిమిషం నుంచీ శుభమేనట. ఆగితేనే కీడట."

దులాజ్ రెప్ప వేయకుండా చూశాడు. "అదెలా అన్నా? మనిద్దరిదీ ఒకటే నక్షత్రం కదా?"

"పాదాలు వేరురా."

దులాజ్ మొహంలో ముందు అనుమానం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత నవ్వు వరసగా నడిచి వెళ్ళాయి. "సీయా చెప్పారంటే ఇక తిరుగులేదు" అని తల వంచుకుని లోపలికి పోయాడు.

గంట కొట్టారు. బినుర చేతులు కట్టుకున్నాడు. రెండు వరసల ముందు దులాజ్ మూత లాగి, ఆకలి మీదున్న పిల్లాడు అన్నం మీద పడ్డట్టు కాగితం మీద పడ్డాడు. బినురకు జిల్లా సీట్లు గుర్తొచ్చాయి. చేజేతులా పది నిమిషాలు శత్రువుకు దానం చేశాడు! కాస్త చిన్న దానం చేసి ఉండాల్సింది, ఐదు నిమిషాలు సరిపోయేది. గ్రహాలకు బదులు తన నోటినే తిట్టుకుంటూ అన్ని ప్రశ్నలూ కళ్ళతో తాకాడు. పదకొండోది కోరలు తీసి కూర్చుంది. దానికో దండం పెట్టి పన్నెండుకు వెళ్ళిపోయాడు.

కథ చివర ఏమైందని అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి ముందే చెప్పేస్తే ఒక గొడవ వదులుతుంది. ఇద్దరికీ సీటు వచ్చింది. కంబురుపిటియ కొట్లో ఆ కుర్చీ ఇప్పటికీ ఖాళీయే. కానీ చెప్పుకోవలసిన సంగతి ఫలితాల నాడు జరగలేదు. ఆ మొదటి పేపరు అయ్యాక గేటు బయట జరిగింది.

దులాజ్ ఎండిన చేపలా నడిచి వచ్చాడు.

"అన్నా, పదకొండోది చేశావా?"

"చదివాను. దండం పెట్టి దాటాను. నువ్వు?"

"గంట కొట్టగానే దాని మీదే పడ్డానన్నా. ముప్పావు గంట! వదులుదామంటే చెయ్యి రాలేదు. ఏడాదంతా కాగితం పూర్తిగా చూశాకే కలం పట్టాను కదా, అది నీ కోసం చేస్తున్నా అనుకున్నాను. నా మార్కులు కూడా అందులోంచే వస్తున్నాయని ఇవాళ తెలిసింది." గొంతు తగ్గించాడు. "పెద్దవాటిలో నాలుగే అయ్యాయి. నీవి?"

"ఐదూ అయ్యాయి."

దులాజ్ ఆగిపోయాడు. బినుర మొహంలోకి చాలాసేపు చూసి, మొదటిసారి నాటకం లేకుండా అడిగాడు: "అన్నా, రెండో పేపరుకు నా పాదం మారేలా సీయా, నువ్వూ కలిసి ఏమైనా చెయ్యలేరా?"

"చూద్దాం. ఎందుకలా చూస్తున్నావు? కడుపులో మండుతోందా?"

"మండుతోందన్నా, బాగా."

"మండనీ" అన్నాడు బినుర వాడి సంచి తన భుజాన వేసుకుంటూ. "ఏడాదిగా నేను ఆ మంట మీదే వండుకు తింటున్నా."